ఈ మోకాలు ఎవరిది? ఫైల్ సర్వర్‌లో కనెక్షన్‌ది ఏది, రిక్వెస్ట్‌ది ఏది

ఈరోజు ఎపిసోడ్ కొంచెం టెక్నికల్. కానీ భయపడకండి, కోడ్ ఒక్క లైను కూడా చూపించను. చాయ్ గురించి చెప్తా, ఒక ఎక్స్‌రే గురించి చెప్తా, నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి చెప్తా. మీరు ఫోన్‌లో ఇది చూస్తున్నారు కదా, ఈ ఫోన్‌కి కూడా ఈ విషయంతో సంబంధం ఉంది. అదెలాగో మధ్యలో వస్తుంది.

ముందు చాయ్ దగ్గర మొదలుపెడదాం. నేను పనిచేసేది లక్డీకాపూల్‌లో. ఆఫీసు నుంచి నాంపల్లి వైపు నడిస్తే ఇరానీ హోటళ్లు తగులుతాయి. పాత ఇరానీ హోటల్లో ఒక పద్ధతి ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. నలుగురు కూర్చునే టేబుల్, అందులో మీరొక్కరే కూర్చున్నారు. ఇంకొకాయన వస్తాడు, ఎదురుగా కూర్చుంటాడు. మీకు ఆయన తెలియదు, ఆయనకి మీరు తెలియదు. ఒకే టేబుల్, రెండు ఆర్డర్లు, రెండు బిల్లులు.

ఇప్పుడు ఒక కొత్త కుర్రాడు వెయిటర్‌గా చేరాడు అనుకోండి. వాడు ఆర్డర్‌ని టేబుల్ పేరు మీద గుర్తుపెట్టుకుంటున్నాడు. "నాలుగో టేబుల్, ఒక చాయ్." లోపలికి వెళ్లేలోపు ఎదురాయన పిలిచి "రెండు ఉస్మానియా" అన్నాడు. వాడి బుర్రలో నాలుగో టేబుల్‌కి ఒకటే గది. చాయ్ పోయి ఆ గదిలోకి బిస్కెట్లు వచ్చాయి. మీ ముందుకి మీరు అడగని బిస్కెట్లు వస్తాయి. తప్పు ఎక్కడుంది? కుర్రాడి జ్ఞాపకశక్తిలో లేదు. ఏ విషయాన్ని ఎక్కడ గుర్తుపెట్టుకోవాలి అన్న దాంట్లో ఉంది. ఆర్డర్ అనేది టేబుల్‌ది కాదు, అడిగిన మనిషిది, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ ఒక్క అడగడానిది.

ఈ తప్పే నేను చేశాను. బిస్కెట్లతో కాదు, ఎక్స్‌రేలతో.

లక్డీకాపూల్ చుట్టుపక్కల ఆస్పత్రులు, స్కానింగ్ సెంటర్లు ఎన్ని ఉంటాయో అటు తిరిగేవాళ్లకి తెలుసు. కొన్నేళ్ల కింద ఒక సందులో ఉన్న చిన్న సెంటర్‌కి నేను ఒక ఫైల్ సర్వర్ రాసిచ్చా. పని సింపుల్. ఎక్స్‌రే రూములో ఉన్న కంప్యూటర్ బొమ్మని పంపిస్తుంది, నా సర్వర్ దాన్ని ఆ పేషెంట్ ఫోల్డర్‌లో దాస్తుంది, పై అంతస్తులో డాక్టర్ గారు తెరిచి చూస్తారు. రెడీమేడ్‌గా దొరికేవి ఉన్నాయి కదా, ఎందుకు రాశావ్ అంటారా? కుర్రతనం. నాకన్నీ వచ్చు అనుకునే వయసు.

ఏడెనిమిది నెలలు బాగానే నడిచింది. ఒక సోమవారం పొద్దున టెక్నీషియన్ నుంచి ఫోన్. "అన్నా, ఒకసారి వస్తవా? ఈ మోకాలు ఎవరిది?" అన్నాడు. నాకర్థం కాలేదు. వెళ్లి చూస్తే, దగ్గుతో వచ్చిన ఒక పెద్దాయన ఫోల్డర్‌లో ఛాతీ ఎక్స్‌రే ఉండాల్సిన చోట మోకాలి ఎక్స్‌రే ఉంది. అది మోకాలు కాబట్టి దొరికింది. ఇంకొకాయన ఛాతీ వచ్చి ఉంటే? ఎవరు కనిపెట్టేవాళ్లు? డాక్టర్ గారు దాన్ని చూసే మందులు రాసేవారు. ఆ ఆలోచన వచ్చాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరే, లోపల ఏం జరిగిందో చూద్దాం.

నెట్‌వర్క్ ఫైల్ సర్వర్ అంటే ఏంటి? మీ కంప్యూటరో ఫోనో వేరే మెషీన్‌లో ఉన్న ఫైల్‌ని తన దగ్గర ఉన్నట్టే వాడుకోవడానికి ఉండే ఏర్పాటు. మీ ఫోన్‌లో ఫైల్ మేనేజర్ యాప్ నుంచి ఇంట్లో ఉన్న కంప్యూటర్ ఫోల్డర్ తెరిచి సినిమా చూశారా ఎప్పుడైనా? ఎక్కువసార్లు అక్కడ నడిచేది ఎస్‌ఎంబీ అనే పద్ధతి. 1980ల్లో ఐబీఎంలో పుట్టింది, తర్వాత మైక్రోసాఫ్ట్ దాన్ని పెంచింది. దీన్ని మైక్రోసాఫ్ట్ కాకుండా బయటవాళ్లు కూడా మాట్లాడేలా చేసింది సాంబా, ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన ప్రోగ్రామ్ అది. యూనిక్స్ వైపు ఇంకోటి ఉంది, ఎన్‌ఎఫ్‌ఎస్. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చింది.

ఏ పద్ధతి అయినా సర్వర్ లోపల రెండు రకాల కాగితాలు ఉంటాయి అనుకోండి. ఒకటి కనెక్షన్ కాగితం. ఒక మెషీన్ వచ్చి తగులుకోగానే పుడుతుంది, అది వెళ్లిపోయేదాకా ఉంటుంది. మన టేబుల్ అన్నమాట. రెండోది రిక్వెస్ట్ కాగితం. "ఈ ఫైల్ తెరువు", "ఈ ముక్క రాయి" అని ఒక అడుగుడు రాగానే పుడుతుంది, జవాబు వెళ్లగానే చిరిగిపోతుంది. మన ఆర్డర్ చీటీ.

నేనేం చేశానంటే, "ఇప్పుడు ఏ ఫైల్‌లో రాస్తున్నాం" అనే విషయాన్ని కనెక్షన్ కాగితం మీద రాశా. ఎందుకంటే అప్పట్లో ఎక్స్‌రే కంప్యూటర్ ఒకటి అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి, తర్వాతే ఇంకోటి అడిగేది. ఒక టేబుల్‌కి ఒకే మనిషి. తప్పు ఉన్నా బయటపడే అవకాశమే లేదు. ఆ శనివారం వాళ్లు ఎక్స్‌రే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేయించుకున్నారు. కొత్తది స్పీడ్ కోసం జవాబు కోసం ఆగకుండా వరసగా మూడు నాలుగు అడిగేస్తుంది. ఒకే కనెక్షన్ మీదే.

సోమవారం జరిగింది ఇది. మొదటి రిక్వెస్ట్: మోకాలి బొమ్మ, ఫలానా ఫోల్డర్. నా సర్వర్ ఆ ఫోల్డర్ దారిని కనెక్షన్ కాగితం మీద రాసుకుంది, డిస్క్‌లో రాసే పనివాడికి అప్పజెప్పింది. వాడు పని మొదలుపెట్టేలోపు రెండో రిక్వెస్ట్: ఛాతీ బొమ్మ, పెద్దాయన ఫోల్డర్. నా సర్వర్ అదే కాగితం మీద పాత దారి కొట్టేసి కొత్త దారి రాసింది. ఇప్పుడు మొదటి పనివాడు వచ్చి కాగితం చూశాడు. చేతిలో మోకాలు, కాగితం మీద పెద్దాయన అడ్రస్. పాపం, వాడి తప్పేముంది?

రిపేర్ ఎంత అనుకున్నారు? ఆ దారిని కనెక్షన్ కాగితం నుంచి తీసి రిక్వెస్ట్ కాగితం మీద పెట్టడం. అంతే. గంట పని. కానీ ఆ ఏడెనిమిది నెలల్లో దాచిన బొమ్మలన్నీ సరైన చోటే ఉన్నాయా అని నేనూ ఆ టెక్నీషియనూ కూర్చుని ఒక్కొక్కటి చూసుకోవడానికి నాలుగు రాత్రులు పట్టింది. తప్పయింది ఆ సోమవారం ఒక్కరోజే అని తేలింది. ఆ మాట సెంటర్ మేడం గారికి చెప్పేటప్పుడు నా గొంతు వణికింది.

కథ ఇక్కడ అయిపోలేదు. దెబ్బ తిన్నాక నేను అటువైపు మరీ ఎక్కువ వంగిపోయా. కనెక్షన్ అంటేనే భయం, అన్నీ రిక్వెస్ట్ కాగితం మీదే పెడదాం అని కూర్చున్నా. వారంలో ఇంకో సమస్య. జవాబులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వెళ్తున్నాయి. ఎందుకు? జవాబు పంపే దారి, అంటే ఆ సాకెట్, ఒక్కటే. ఇద్దరు పనివాళ్లు ఒకేసారి అందులోకి తోస్తే మొదటి జవాబులో సగం, రెండో జవాబులో సగం కలిసిపోతాయి. అక్కడ "ఇప్పుడు నేను పంపుతున్నా, నువ్వు ఆగు" అనే తాళం ఒకటి ఉండాలి. ఆ తాళం రిక్వెస్ట్‌కి ఒకటి ఉంటే లాభం లేదు, ఎవడి తాళం వాడి దగ్గరే ఉంటే ఎవడు ఎవడి కోసం ఆగుతాడు? అది కనెక్షన్‌కి ఒకటే ఉండాలి.

అలాగే సగం వచ్చిన మాట. టీసీపీ అనేది నీళ్ల పైపు లాంటిది. మీరు రెండు బకెట్లు పోస్తే అవతల రెండు బకెట్లుగానే రావాలని రూలేం లేదు. ఒకటిన్నర ముందు రావచ్చు, మిగతా సగం తర్వాత రావచ్చు. ఆ సగం ముక్క ఎవరిది? ఇంకా రిక్వెస్ట్ పూర్తిగా పుట్టలేదు. కాబట్టి అది కనెక్షన్‌దే. పూర్తిగా వచ్చాకే దానికో రిక్వెస్ట్ కాగితం రాయాలి.

అప్పుడు నాకు అర్థమైంది, ప్రతి విషయాన్ని మూడు ప్రశ్నలు అడగాలి. నువ్వెప్పుడు పుడతావ్? ఎప్పుడు పోతావ్? నిన్ను ఒకేసారి ఎంతమంది చూస్తారు? జవాబులు ఏ కాగితంతో కలిస్తే ఆ విషయం ఆ కాగితం మీదికే పోవాలి. సులువుగా ఉందని, చేతికి దగ్గరగా ఉందని వేరే కాగితం మీద రాశారా, ఏదో ఒక సోమవారం మోకాలు వస్తుంది.

ఇక్కడిదాకా రెండే కాగితాలు అన్నా. నిజం సర్వర్‌లో ఇంకా ఉంటాయి. ఎస్‌ఎంబీ 2లో ప్రతి అడుగుడు ముందు 64 బైట్ల హెడర్ వస్తుంది. అందులో మెసేజ్ నంబర్ ఉంటుంది, అది రిక్వెస్ట్‌ది. సెషన్ నంబర్ ఉంటుంది, అది లాగిన్ అయిన మనిషిది. ట్రీ నంబర్ ఉంటుంది, అది ఏ షేర్‌లోకి వచ్చాడు అనేదానిది. తెరిచిన ఫైల్‌కి వేరే ఐడీ ఉంటుంది. మొత్తం ఐదు కాగితాలు: కనెక్షన్, సెషన్, షేర్, తెరిచిన ఫైల్, రిక్వెస్ట్.

సెషన్ ఎందుకు వేరు? మళ్లీ ఇరానీ హోటల్‌కి రండి. ఒకే టేబుల్ దగ్గర ఇద్దరు తెలియని మనుషులు కూర్చోవచ్చు కదా. ఒకే కనెక్షన్ మీద ఇద్దరు వేరే వేరే యూజర్లు లాగిన్ అవ్వచ్చు. అందుకే "ఈ కనెక్షన్ ఎవరిది" అని ఒకే పేరు రాసుకుని ఊరుకుంటే, ఒకరి అనుమతితో ఇంకొకరు ఫైల్ తెరిచే ప్రమాదం ఉంది. ఇది తిరగేసి కూడా జరుగుతుంది. 2012లో ఎస్‌ఎంబీ 3 వచ్చాక మల్టీచానల్ అని ఒకటి వచ్చింది. ఒకే యూజర్, ఒకే సెషన్, కానీ స్పీడ్ కోసం రెండు మూడు కనెక్షన్లు. ఒకే మనిషి రెండు టేబుళ్లు ఆక్రమించాడు అన్నమాట. ఈ మల్టీచానల్‌ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ వస్తుంది.

ఇప్పుడు మీరు అనొచ్చు, "అన్నా, నువ్వు కుర్రతనంలో రాశావు, తప్పు చేశావు. పెద్ద పెద్ద కంపెనీల వాళ్లు ఇలా చేస్తారా?" అని. చేశారు. ఆ దెబ్బ మన దాకా వచ్చింది.

2017 మే 12. వన్నాక్రై. మీలో కొంతమంది అప్పుడు స్కూల్లో ఉండి ఉంటారు. కంప్యూటర్ ఆన్ చేస్తే ఎర్ర స్క్రీన్, మీ ఫైళ్లకు తాళం వేశాం, డబ్బులు కట్టండి అని. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయని యూరోపోల్ లెక్క చెప్పింది. బ్రిటన్‌లో ఆస్పత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పేర్లు అప్పుడు వార్తల్లో వచ్చాయి.

అది ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి పాకింది దేని ద్వారానో తెలుసా? విండోస్‌లో ఉండే ఫైల్ సర్వర్ ద్వారా. పాత ఎస్‌ఎంబీ 1. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు. ఆ దాడికి ఎటర్నల్‌బ్లూ అని పేరు.

దాని లోపల ఉన్న తప్పుల్లో ఒకటి వినండి, మన కథే. పాత ఎస్‌ఎంబీలో పెద్ద రిక్వెస్ట్ ఒకేసారి పట్టకపోతే ముక్కలుగా వస్తుంది. మొదటి ముక్క, తర్వాత మిగతా ముక్కలు. సర్వర్ అన్నీ ఒక కాగితం మీద పోగేసి, ఆఖరి ముక్క వచ్చాక పని మొదలుపెడుతుంది. ఇలాంటి రిక్వెస్ట్‌లలో రెండు రకాలు ఉన్నాయి. ఒక రకంలో సైజు రాయడానికి 16 బిట్ల గడి, అంటే 65,535 దాటి రాయలేం. ఇంకో రకంలో 32 బిట్ల గడి, చాలా పెద్ద సైజు రాయొచ్చు. మరి "ఈ రిక్వెస్ట్ ఏ రకం" అనేది ఎప్పుడు తేలాలి? మొదటి ముక్క రాగానే తేలాలి, రిక్వెస్ట్ కాగితం మీద రాయాలి, ఇక మారకూడదు. ఆ సర్వర్ అలా చేయలేదు. వచ్చిన ఆఖరి ముక్క ఏ రకమో చూసి మొత్తం రిక్వెస్ట్ ఆ రకం అనుకుంది.

దాడి చేసేవాడికి ఇంకేం కావాలి? పెద్ద సైజు పట్టే రకంతో మొదలుపెట్టాడు, చిన్న రకం ముక్కతో ముగించాడు. చిన్న రకం పనిచేసే కోడ్ దగ్గరికి పెద్ద సైజు వచ్చి పడింది. అక్కడ ఇంకో పొరపాటు కాచుకుని ఉంది. ఆ సైజుని సరిచేసి మళ్లీ రాసేటప్పుడు 32 బిట్ల గడిలో కింది 16 బిట్లే మార్చింది. ఉదాహరణకి గడిలో 65,536 ఉంది, దాన్ని 65,373కి తగ్గించాలి. కింది సగం మాత్రమే మారిస్తే పై సగంలో ఉన్న 65,536 అలాగే ఉండిపోతుంది. అప్పుడు మొత్తం 1,30,909. తగ్గించబోతే రెండింతలు అయింది. సర్వర్ చిన్న డబ్బా తీసుకుని పెద్ద కుండ నీళ్లు పోసింది, పక్కనున్న మెమరీలోకి ఒలికింది. ఆ ఒలికిన దాంట్లోంచే దాడి నడిచింది. మైక్రోసాఫ్ట్ దీనికి రిపేర్‌ని ఆ ఏడాది మార్చిలోనే ఇచ్చింది. అప్‌డేట్ వేసుకోని మెషీన్లు రెండు నెలల తర్వాత దొరికిపోయాయి. కాబట్టి మీ ఫోన్‌లో అప్‌డేట్ వస్తే "తర్వాత చూద్దాం" నొక్కకండి ప్లీజ్.

అదే 2017లో ఇంకోటి బయటపడింది, ఎస్‌ఎంబీ లోరిస్. అది కనెక్షన్ వైపు తప్పు. ఎవరైనా వచ్చి కనెక్ట్ అయి, "నేను ఇంత పొడుగు మాట చెప్పబోతున్నా" అని 4 బైట్లు పంపి ఊరుకుంటే చాలు, సర్వర్ వాళ్ల కోసం 128 కేబీ దాకా మెమరీ పక్కన పెట్టేస్తుంది. లాగిన్ అవ్వలేదు, పేరు చెప్పలేదు, అయినా సరే. ఒక మెషీన్ నుంచి దాదాపు 65 వేల కనెక్షన్లు తెరవొచ్చు. లెక్క వేయండి, 8 జీబీ. ఒక పాత ల్యాప్‌టాప్ పెద్ద సర్వర్‌ని కూర్చోబెట్టేయగలదు. హోటల్లో తలుపు దగ్గర నిలబడి "వంద మందిమి వస్తున్నాం" అన్నవాడికల్లా టేబుళ్లు ఖాళీ చేసిపెట్టినట్టు.

దీని నుంచి నేను నేర్చుకుంది, కనెక్షన్ కాగితం చిన్నదిగా ఉండాలి. మనిషి ఎవరో తేలకముందు వీలైనంత తక్కువ ఖర్చు పెట్టాలి. పెద్ద బఫర్ రిక్వెస్ట్‌కే ఇవ్వాలి, అది కూడా నిజంగా మాట వస్తున్నప్పుడే. ఇంకా రిక్వెస్ట్‌లకు కూడా ఒక హద్దు ఉండాలి. ఎస్‌ఎంబీ 2లో దీనికి క్రెడిట్లు అని ఉన్నాయి. సర్వర్ "నీకు ఇన్ని క్రెడిట్లు ఇస్తున్నా" అంటుంది, అన్ని రిక్వెస్ట్‌లే ఒకేసారి పెట్టాలి. జవాబుతో పాటు మళ్లీ కొన్ని ఇస్తుంది.

ఇప్పుడు ఈమధ్య కథ. లైనక్స్ కెర్నల్ లోపలే నడిచే ఎస్‌ఎంబీ సర్వర్ ఒకటి ఉంది, కేఎస్‌ఎంబీడీ అంటారు. 2021లో వచ్చిన 5.15 వెర్షన్‌తో కెర్నల్‌లో భాగమైంది. 2025 మేలో షాన్ హీలన్ అనే రీసెర్చర్ అందులో ఒక తప్పు గురించి రాశాడు. విశేషం ఏంటంటే, దాన్ని ఆయన కళ్లతో కాదు, ఓపెన్‌ఏఐ వాళ్ల ఓ3 అనే ఏఐ మోడల్‌కి కోడ్ చదివించి పట్టుకున్నాడు.

తప్పు ఏంటి? ఇందాక మల్టీచానల్ అన్నా కదా, ఒకే సెషన్ రెండు కనెక్షన్ల మీద. సెషన్ కాగితం మీద "యూజర్ ఎవరు" అని ఒక చీటీ పిన్ను పెట్టి ఉంటుంది. మొదటి కనెక్షన్ మీద లాగౌట్ వచ్చింది. సర్వర్ బుద్ధిగా ఆ కనెక్షన్ మీద నడుస్తున్న పనులన్నీ అయ్యేదాకా ఆగింది, తర్వాత యూజర్ చీటీ చించేసింది. అప్పుడే రెండో కనెక్షన్ మీద ఒక రిక్వెస్ట్ అదే చీటీని చదువుతోంది. చిరిగిపోయిన కాగితాన్ని చదవడం. దాన్నే యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటారు. కెర్నల్ లోపల ఇలా జరిగితే మెషీన్ మొత్తం అవతలివాడి చేతిలోకి పోయే ప్రమాదం ఉంటుంది.

చూశారా? చీటీ సెషన్‌ది. ఆగింది కనెక్షన్ కోసం. సెషన్ ఆయుష్షుని కనెక్షన్ ఆయుష్షుతో కొలిచారు. ఇంకో ముచ్చట. అంతకుముందు ఇలాంటిదే ఇంకో తప్పుని హీలన్ స్వయంగా కనిపెట్టి, చించేశాక ఆ గడిలో సున్నా పెడితే చాలు అనుకున్నాడు. ఏఐ ఇచ్చిన రిపోర్ట్ చదివాక, రెండు కనెక్షన్లు ఉంటే అది చాలదని తెలుసుకుని, ఆ మాట తనే చెప్పాడు. ఇంత అనుభవం ఉన్నవాళ్లే అలా అంటుంటే నాలాంటోళ్ల సంగతేంటి?

దీనికి వాడే మందు పాతదే, రిఫరెన్స్ కౌంట్. ఆ కాగితాన్ని ఎంతమంది పట్టుకుని ఉన్నారో దానిమీదే ఒక లెక్క. పట్టుకునేటప్పుడు ఒకటి కలపాలి, వదిలేటప్పుడు ఒకటి తీసేయాలి. లెక్క సున్నా అయినప్పుడే చించాలి. కొట్టు కట్టేటప్పుడు ఆఖరున బయటికి వచ్చేటోడే షట్టర్ దించాలి, లోపల మనిషి ఉండగా దించకూడదు. నా ఎక్స్‌రే సర్వర్‌లో కూడా తర్వాత ఇదే పెట్టా. అక్కడ కంప్యూటర్ ప్లగ్గు పీకేస్తే కనెక్షన్ పోతుంది, కానీ దాని రిక్వెస్ట్ ఒకటి ఇంకా డిస్క్ దగ్గర ఉండొచ్చు. ఆ రిక్వెస్ట్ తన కనెక్షన్ కాగితాన్ని పట్టుకునే ఉంటుంది. అది వదిలాకే కాగితం పోతుంది.

ఇక మీ ఫోన్ సంగతి. లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగండి, మధ్యలో అసెంబ్లీ ఒక్కటే స్టేషన్. ఆఫీసు వైఫై పోయింది, మొబైల్ డేటా వచ్చింది. మీ పాత కనెక్షన్ చచ్చిపోయింది. కానీ మీరు తెరిచిన ఫైల్ కూడా చచ్చిపోవాలా? అక్కర్లేదు. ఎస్‌ఎంబీ 2లో డ్యూరబుల్ హ్యాండిల్ అని వచ్చింది. కనెక్షన్ పోయినా తెరిచిన ఫైల్ కాగితాన్ని సర్వర్ కొంతసేపు దాచి ఉంచుతుంది, మీరు మళ్లీ వచ్చి "ఇది నాదే" అంటే ఇస్తుంది. అంటే తెరిచిన ఫైల్ ఆయుష్షు కనెక్షన్ కంటే పొడుగు కావచ్చు.

ఎన్‌ఎఫ్‌ఎస్ వాళ్లు మొదట్లో ఇంకా తెగించారు. క్లయింట్ గురించి సర్వర్ ఏమీ గుర్తుపెట్టుకోకూడదు అన్నారు. ప్రతి రిక్వెస్ట్ తనకు కావాల్సిందంతా తనే మోసుకొస్తుంది. సర్వర్ పడిపోయి లేచినా క్లయింట్ మళ్లీ అడుగుతుంది, పని సాగిపోతుంది. బాగుంది కదా? ఒక చిక్కు. "ఈ ఫైల్ తీసేయ్" అని అడిగారు. సర్వర్ తీసేసింది. జవాబు దారిలో పోయింది. క్లయింట్ మళ్లీ అదే అడిగింది. సర్వర్ అంటుంది, "ఆ ఫైలే లేదు, ఎర్రర్." పని సరిగ్గా అయింది, కానీ మీకు ఎర్రర్ వచ్చింది.

మీకు ఇది కొత్తేం కాదు. కిరాణా కొట్లో స్కాన్ చేసి డబ్బులు కొడతారు, చక్రం తిరుగుతూనే ఉంటుంది. వెళ్లాయా, వెళ్లలేదా? మళ్లీ కొడితే రెండుసార్లు కట్ అవుతాయా? అందుకే ప్రతి లావాదేవీకి ఒక నంబర్ ఉంటుంది. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో కూడా రిక్వెస్ట్ నంబర్‌తో పాటు ఇచ్చిన జవాబుని కొంతసేపు దాచుకోవడం మొదలుపెట్టారు. అదే నంబర్ మళ్లీ వస్తే పని మళ్లీ చేయదు, పాత జవాబే ఇస్తుంది. కానీ ఎంతసేపు దాచాలి, ఎన్ని దాచాలి? దానికి సరైన జవాబు 2010లో వచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ 4.1లో దొరికింది. సెషన్‌కి ఇన్ని స్లాట్లు అని ముందే ఒప్పుకుంటారు. ఒక స్లాట్‌లో ఒకసారికి ఒకే రిక్వెస్ట్. ఆ స్లాట్‌లో తర్వాతి నంబర్ వచ్చిందంటే పాత జవాబు చేరినట్టే, ఇక పారేయొచ్చు. ఏమీ గుర్తుపెట్టుకోను అన్నవాళ్లే చివరికి, ఏది ఎవరి పేరు మీద ఎంతవరకు గుర్తుపెట్టుకోవాలో లెక్కగా రాసుకున్నారు. ఇంకో మాట గమనించండి, ఈ స్లాట్లు కనెక్షన్ మీద లేవు, సెషన్ మీద ఉన్నాయి. ఎందుకంటే మళ్లీ అడిగేది ఎక్కువగా కనెక్షన్ పోయి కొత్తది వచ్చాకే కదా.

ఇదీ ఫ్రెండ్స్ సంగతి. మీలో ఎవరైనా కాలేజీ ప్రాజెక్టు కోసం సర్వర్ రాస్తుంటే, చాట్ యాప్ అయినా, ఫైల్ సర్వర్ అయినా, కోడ్ మొదలుపెట్టే ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఐదు అడ్డ వరసలు గీయండి. కనెక్షన్, సెషన్, షేర్, తెరిచిన ఫైల్, రిక్వెస్ట్. మీ ప్రోగ్రామ్ గుర్తుపెట్టుకునే ప్రతి చిన్న విషయాన్ని ఏదో ఒక వరసలో వేయండి. వేసే ముందు ఆ మూడు ప్రశ్నలు అడగండి. ఎప్పుడు పుడుతుంది, ఎప్పుడు పోతుంది, ఎంతమంది చూస్తారు. ఎక్కడ వేయాలో తేలని విషయం ఒకటి మిగిలిందా, అక్కడే ఆగండి. మీ తప్పు ఉండేది అక్కడే.

ఇంకోటి. టెస్ట్ చేసేటప్పుడు ఒక్కరే కూర్చుని ఒక్కో రిక్వెస్ట్ పంపకండి. నేను ఏడెనిమిది నెలలు మోసపోయింది అందుకే. ఒకే కనెక్షన్ మీద పది రిక్వెస్ట్‌లు ఆగకుండా పంపండి. మధ్యలో వైరు పీకండి. ఒకవైపు లాగౌట్ కొడుతూ ఇంకోవైపు ఫైల్ రాయండి.

ఆ స్కానింగ్ సెంటర్‌లో నా సర్వర్ తర్వాత రెండేళ్లు నడిచింది, తర్వాత వాళ్లు సాంబాకి మారారు. మార్చమని చెప్పింది నేనే. ఆ టెక్నీషియన్ ఇప్పటికీ రోడ్డు మీద కనిపిస్తే నమస్తే చెప్పడు. "అన్నా, మోకాలు ఎవరిది?" అంటాడు. నవ్వుతా, కానీ లోపల ఆ సోమవారం గుర్తొస్తుంది. ఆ రోజు వాడు కళ్లు పెట్టి చూడకపోతే ఆ పెద్దాయన సంగతి ఏమయ్యేదో.

ఈ ఎపిసోడ్‌లో ఏదైనా అర్థం కాకపోతే అడగండి, సిగ్గుపడకండి. వచ్చే ఎపిసోడ్‌లో తాళాల గురించి మాట్లాడుకుందాం, రెండు తాళాలు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఎలా బిగుసుకుపోతాయో. అప్పటిదాకా ఉంటా మరి.